లోకల్ సిమ్మా, రోమింగా?

ప్రశ్న: మా వాడు ఎంఎస్ చదవడానికి వచ్చే నెల జర్మనీ పోతున్నాడు. గాంధీ రోడ్డులో మేము ఎప్పుడూ రీచార్జ్ చేయించుకునే షాపతను రోమింగ్ ప్యాక్ వేసుకుంటే చాలు, అక్కడ సిమ్ కొనే పనే లేదంటున్నాడు. అక్కడ చదువుతున్న వాడి ఫ్రెండ్సేమో దిగంగానే లోకల్ సిమ్ తీసుకో, ఇండియా సిమ్ తీసి పారెయ్ అంటున్నారంట. ఆధార్‌కు, బ్యాంకుకు, అన్నిటికీ ఇచ్చింది ఆ నంబరే. ఏం చేయమంటారు సార్?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: షాపతని మాట వినొద్దు. ఫ్రెండ్స్ మాట సగమే వినండి. లోకల్ సిమ్ తీసుకోవాల్సిందే, కానీ ఇండియా సిమ్ పారేస్తే మాత్రం చాలా పెద్ద తలనొప్పి.

రోమింగ్ ప్యాకులు ఎక్కువగా పది రోజులకో నెలకో వెళ్ళొచ్చేవాళ్ళ కోసం పెట్టినవి. ఏడాది ప్యాకులు కూడా ఉన్నాయి గానీ వాటిలో ఇచ్చే డేటా ఏ మూలకూ రాదు. డబ్బు సంగతి అలా ఉంచండి, రూము అద్దెకిచ్చే ఆయన, పార్ట్ టైమ్ పనిచ్చే షాపు, డాక్టరు దగ్గర రిసెప్షన్ అందరూ అడిగేది ప్లస్ 49తో మొదలయ్యే నంబరు. మన ప్లస్ 91 నంబరుకు చేయాలంటే వాళ్ళకు ఇంటర్నేషనల్ కాల్ ఛార్జీ పడుతుంది, పని ఇస్తామని చెప్పడానికి కూడా చేయరు.

వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంతని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు వేసి ఉంటారు కదా, అందులోంచి నెలకు వాడి చేతికొచ్చేది 992. ఇల్లు, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ అందులోనే. ఆల్డీ లాంటి సూపర్ మార్కెట్లో దొరికే ప్రీపెయిడ్ సిమ్‌కు నాలుగు వారాలకు పది యూరోల చుట్టుపక్కల అవుతుంది, అదే బెస్ట్. ఆ సిమ్ ఫ్రాన్స్, ఇటలీ లాంటి దేశాల్లోనూ మామూలు వాడకానికి అదనపు ఛార్జీ లేకుండా పనిచేస్తుంది, 2017 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో అదే రూలు. స్విట్జర్లాండ్ మాత్రం ఆ యూనియన్‌లో లేదు, అటు వెళ్ళే ట్రెయిన్ బార్డర్ దాటేలోపే డేటా ఆపుకోమనండి. రెండేళ్ళ కాంట్రాక్టు మీద కొత్త ఫోన్ ఇస్తామని ఎవరైనా అంటే మొదట్లో సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పండి, చదువు మధ్యలో ఊరు మారినా, ఖర్చు తగ్గించుకోవాలనిపించినా నెలనెలా కట్టాల్సిందే.

మరి రోమింగ్ ఎందుకంటే, మొదటి వారానికి. జర్మనీలో 2017 జూలై నుంచి ప్రీపెయిడ్ సిమ్‌కు కూడా పాస్‌పోర్టు చూపించి ఐడీ వెరిఫికేషన్ చేయించుకోవాలి, అది ఒక్కోసారి అక్కడికక్కడే అయిపోదు. ఈలోగా రూముకు దారి చూసుకోవడానికి, చేరానని మీకు చెప్పడానికి చిన్న ప్యాక్ ఒకటి చాలు. చెన్నై ఎయిర్‌పోర్టుకు బయల్దేరకముందే, ఇంట్లో ఉండగానే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి.

ఇప్పుడు అసలు సంగతి, ఇండియా నంబరు. మన దగ్గర ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే కంపెనీ తీసేయొచ్చు. సిమ్‌లో 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది కోసుకుని నంబరును ఇంకో 30 రోజులు ఉంచుతుంది, అంతే. తీసేసిన నంబరును కొన్ని నెలల తర్వాత వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు, అప్పుడు వాడి బ్యాంకు ఓటీపీ ఎవరి ఫోన్‌కు పోతుందో ఆలోచించండి. ఆధార్ ఓటీపీ విదేశీ నంబర్లకు పంపరు కాబట్టి జర్మనీ నంబరు ఆ పనికి ఎలాగూ రాదు. డేటా అక్కర్లేనివాళ్ళకు కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని టెలికాం కంపెనీల మీద పెత్తనం చేసే సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకు చెప్పింది, వాటిలో 365 రోజులవి ఉన్నాయి. మీ షాపతన్ని అడగాల్సింది అదీ. పోస్ట్‌పెయిడ్ అయితే ముందే ప్రీపెయిడ్‌కు మార్చేయండి.

రెండు సిమ్‌లూ ఒకే ఫోన్‌లో ఉండాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మొబైల్ డేటా జర్మనీ సిమ్‌కు పెట్టి, ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేయాలి. ఐఫోన్‌లో సిగ్నల్ తగ్గినప్పుడు డేటాను తనంతట తానే రెండో సిమ్‌కు మార్చే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అది కూడా ఆఫ్‌లోనే ఉండాలి, చాలామంది దీన్ని చూసుకోరు. ఇలా పెట్టుకుంటే ఓటీపీ మెసేజ్‌లు మామూలుగా ఛార్జీ లేకుండానే వస్తాయి. కాల్ ఎత్తితే మాత్రం మనకే ఛార్జీ, లోను కావాలా అని చేసేవాళ్ళది ఎత్తినా అంతే. అందుకే వెళ్ళేముందు 1909కి చేసి డీఎన్‌డీ, అంటే ప్రకటనల కాల్స్ రాకుండా ఆపే సదుపాయం, పెట్టించండి.

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో ఉన్నారు. ఆయన ఇండియా సిమ్ నా ఫోన్‌లో ఉంది, బ్యాంకు ఓటీపీ వస్తే నేను వాట్సాప్‌లో పంపిస్తాను. పనిలో ఉంటే చూసుకోరు, టైమ్ అయిపోతుంది, మళ్ళీ పంపించాలి. రోజూ ఇదే టెన్షన్. అక్కడి నంబరు బ్యాంకుకు ఇచ్చేస్తే సరిపోదా?
– ఒక సోదరి, చంద్రగిరి

జవాబు: సిమ్ ఆయన దగ్గరే ఉండాలమ్మా. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు రోమింగ్ ఆన్ చేయించి, రెండు సిమ్‌ల ఫోన్‌లో వేసి పంపించండి. ఓటీపీలు వాట్సాప్‌లో తిప్పడం మంచిది కాదు, మీ ఇద్దరిలో ఒకరి అకౌంట్ ఎవరైనా హ్యాక్ చేస్తే డబ్బు పోతుంది.

బ్యాంకులో మాట్లాడాల్సింది ఇంకోటి కూడా ఉంది. ఉద్యోగానికి విదేశం వెళ్ళినవాళ్ళ మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వో ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండే మనవాళ్ళ కోసం పెట్టిన ఖాతాగా, మార్చుకోవాలి, అది రూలు. అప్పుడు చాలా బ్యాంకులు కువైట్ నంబరు కూడా తీసుకుంటాయి. యూపీఐకి మాత్రం అడ్డు ఉంది. విదేశీ నంబరుతో యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో పది దేశాలు ప్రకటించారు, సౌదీ, యూఏఈ, ఒమన్, ఖతార్ అందులో ఉన్నాయి, కువైట్ లేదు. మన జిల్లాల నుంచి అంతమంది ఉన్న దేశం ఆ జాబితాలో లేకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. కాబట్టి ఫోన్‌పే, గూగుల్ పే కావాలంటే ఇండియా నంబరు బతికుండాల్సిందే, ఇక్కడ ఉన్నప్పుడే యాప్ సెట్ చేసుకుని వెళ్తే ఇంకా మంచిది.

అక్కడి సిమ్ ఆయన పేరు మీద, ఆయన సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) మీదే ఉందో లేదో ఒకసారి అడగండి. రూమ్మేట్ పేరు మీద తీసుకున్న సిమ్ వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాడు ఊరికి వచ్చేస్తే నంబరు పోతుంది. ఇన్‌స్టాల్‌మెంట్ మీద ఫోన్ తీసుకుని ఉంటే బాకీ పెట్టి రావద్దని చెప్పండి, కేసు దాకా పోతే ప్రయాణం ఆపేసే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి ఐదు నెలలు వెళ్తున్నాం. నా ఫోన్ పదేళ్ళ కిందటిది. రోమింగ్ చాలా?
– ఒక రిటైర్డ్ టీచర్, చిత్తూరు

జవాబు: ఐదు నెలలకు రోమింగ్ దండగ మాస్టారూ. మీ అమ్మాయి ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైను కలిపిస్తే అన్నిటికంటే చవక. మీ పాత ఫోన్ మాత్రం అనుమానమే. అక్కడ పెద్ద కంపెనీలు 2022లో 3జీ ఆపేశాయి, 4జీ మీద కాల్స్ వెళ్ళే ఫోన్ కాకపోతే మాట్లాడటం కుదరదు. అక్కడ కొత్త ఐఫోన్ కొనిస్తానని అమ్మాయి అంటే, 2022 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్ళకు సిమ్ పెట్టే చోటే ఉండదు, అన్నీ ఈసిమ్‌లే, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించే సిమ్‌లు. మీ ఇండియా సిమ్ అందులో ఉండాలంటే ఈసిమ్‌గా మార్చాలి. ఆ మార్పుకు వచ్చే మెసేజ్‌లు, కన్ఫర్మేషన్లు అమెరికా నుంచి చూసుకోవడం కష్టం, కొత్త సిమ్ మారాక ఒక రోజు ఎస్సెమ్మెస్‌లు కూడా ఆగుతాయి. ఏ ఫోన్ కొంటుందో ఈ వారమే అమ్మాయిని అడగండి.