ప్రపోజల్ రాసిపెట్టే ఏజెంటుకు డబ్బు కట్టొద్దు మాస్టారూ

ప్రకాశం జిల్లా నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు రాశారు. వాళ్లమ్మాయి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేస్తోంది. "బయటి నిధులతో రీసెర్చ్ ప్రాజెక్టు తెస్తేనే ఇంక్రిమెంట్ అని మేనేజ్‌మెంట్ అంటోంది. అమ్మాయికి ఒకటే టెన్షన్. ఎనభై వేలు కడితే ప్రపోజల్ రాసి శాంక్షన్ కూడా చేయిస్తానని ఒకాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. కట్టమంటారా? ఆమె ఫ్లోరైడ్ నీళ్ల మీద పనిచేయాలనుకుంటోంది. అల్లుడు కూడా డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరరే, అతనికేమైనా దారి ఉందా?" ఇదీ వారి ఉత్తరం సారాంశం.

వద్దు మాస్టారూ, ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. అప్లికేషన్ మీ అమ్మాయి పేరుతో, ఆమె లాగిన్‌లోంచే వెళ్తుంది, అందులో రాసిన ప్రతి మాటకూ ఆమే పూచీ. దాన్ని చదివేది అదే సబ్జెక్టులో ఏళ్ల తరబడి పనిచేసిన సైంటిస్టులు, చాలా స్కీముల్లో కమిటీ ముందు నిలబడి ప్రజెంటేషన్ కూడా ఇవ్వాలి. అక్కడ ఎవరో "ఫ్లోరైడ్ తీసే మీ మెటీరియల్ ఎన్నిసార్లు వాడుకోవచ్చమ్మా?" అని అడిగితే ఏజెంటు వచ్చి చెప్పడు కదా. పైగా ఇలాంటివాళ్లు ఒకరికి రాసిందే పేర్లు మార్చి ఇంకొకరికి ఇస్తారు, కాపీ అని బయటపడితే మచ్చ పడేది అమ్మాయి మీద.

ఇక డబ్బు ఎక్కడుంది అంటే, సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు ఇప్పుడు పెద్ద దిక్కు ఏఎన్‌ఆర్‌ఎఫ్, అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. 2023లో చట్టం చేశారు, 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది, అంతకుముందు సైన్సు పరిశోధనలకు నిధులిచ్చిన కేంద్ర బోర్డు సెర్బ్ ఇందులోనే కలిసిపోయింది. కెరీర్ మొదట్లో ఉన్నవాళ్ల కోసం ఇందులో ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్ ఉంది, మూడేళ్లకు 60 లక్షల దాకా ఇస్తారు. అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి, ఐఐటీల్లో కొత్తగా చేరినవాళ్లంతా అక్కడే పోటీ పడతారు. పెట్టొద్దని అనను. కానీ మీ అమ్మాయి పరిస్థితికి నాకు ఎక్కువ నచ్చేది సెర్బ్ రోజుల్లో మొదలైన టేర్ అనే స్కీము: సొంత కాలేజీ ఉద్యోగం వదలకుండానే ఏడాదిలో కొంతకాలం పెద్ద సంస్థ ల్యాబులో పనిచేసుకోవచ్చు. హైదరాబాద్‌లో కెమిస్ట్రీ పరిశోధనా సంస్థ ఐఐసీటీ ఉంది, మీకు తిరుపతి ఐఐటీ, అక్కడే ఉన్న కేంద్ర సైన్సు విద్యాసంస్థ ఐసర్ కూడా మరీ దూరమేం కాదు. దానికి కాల్, అంటే దరఖాస్తుల ప్రకటన, వచ్చినప్పుడు వదలొద్దనండి. ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకైతే ఇన్‌క్లూజివిటీ రీసెర్చ్ గ్రాంట్ అని విడిగా ఉంది. ఏ స్కీమైనా సరే, ముందు అర్హతల పేజీ చదవాలి, వయసు పరిమితి, రెగ్యులర్ పోస్టా కాదా, ఇవి రెండూ చూడకుండా నెలరోజులు కూర్చుని రాసి చివర్లో ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాను.

అసలు విషయం ఆమె ఎంచుకున్న టాపిక్. ఫ్లోరైడ్ మంచి టాపిక్, మీ కనిగిరి వైపు మనుషులు ఎంత నరకం పడ్డారో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ "నానో మెటీరియల్‌తో ఫ్లోరైడ్ తొలగింపు" అని రాస్తే రివ్యూయర్ ఆ పేజీ దాటడు, అలాంటివి వాళ్లు కొల్లలుగా చూసి ఉంటారు. పటిక, సున్నం వాడే నల్గొండ టెక్నిక్‌ను నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధనా సంస్థ నీరీ వాళ్లు ఏనాడో తయారుచేశారు, ఆ తర్వాత వచ్చిన పద్ధతులకు లెక్కే లేదు. మరి కొత్తగా మీరేం కనుక్కుంటారు? చాలా పేపర్లలో డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి పరీక్ష చేస్తారు, ఫలితం బ్రహ్మాండంగా వస్తుంది. అదే మెటీరియల్‌ను ఊళ్లో బోరు నీళ్లలో వేస్తే, ఆ నీళ్లలో ఉండే బైకార్బొనేట్ వల్ల ఫ్లోరైడ్‌ను పట్టుకునే శక్తి పడిపోతుంది. కాబట్టి "మా జిల్లా బోరు నీళ్లలో ఈ మెటీరియల్ సామర్థ్యం ఎంత తగ్గుతుంది, ఎందుకు తగ్గుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపుకు తేవడానికి ఎంత మోతాదు కావాలి, వాడేసిన మెటీరియల్‌లోని ఫ్లోరైడ్ చివరికి ఎక్కడికి పోతుంది" అని రాయమనండి. ఇది ఐఐటీ వాళ్ల కంటే ఒంగోలు దగ్గర కూర్చున్న మనిషే బాగా చేయగల పని. బస్సెక్కితే శాంపిల్ దొరుకుతుంది, ఊళ్లో జనం తెలుసు, భాష తెలుసు. తన బలం ఇదేనని అమ్మాయి గట్టిగా నమ్మాలి. అప్లై చేసేలోపు ఓ పదిహేను బోర్ల నీళ్లు తెచ్చి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచి ఆ టేబుల్ ప్రపోజల్‌లో పెడితే, ఈమె నిజంగా పని మొదలుపెట్టిందని చదివేవాళ్లకు తెలుస్తుంది.

బడ్జెట్ దగ్గర కూడా తొందరపడొద్దు. మూడేళ్ల ప్రాజెక్టులో నెట్ లేదా గేట్ ఉన్న జేఆర్‌ఎఫ్‌ను (జూనియర్ రీసెర్చ్ ఫెలోను) పెట్టుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, మూడో ఏడు 42 వేలు. అంటే హెచ్‌ఆర్‌ఏ కాకుండానే దాదాపు 14 లక్షలు. 30 లక్షలు అడిగితే సగం అక్కడే అయిపోతోంది కదా. మిగిలిన దాంతో పదార్థాల స్ఫటిక నిర్మాణం చూసే ఖరీదైన ఎక్స్‌ఆర్‌డీ మెషీన్ కొంటామని రాస్తే నవ్వుతారు. కొనాల్సింది మీటరు, ఎలక్ట్రోడు, కెమికల్స్. పెద్ద పరికరాల పని, అవి ఏ సంస్థలో ఉన్నాయో చూపించే ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికి, శాంపిల్‌కు ఇంత అని ఫీజు కట్టి వేరే సంస్థలో చేయించుకోవచ్చు, ఆ ఖర్చు బడ్జెట్‌లో చూపించొచ్చు.

డబ్బు అమ్మాయి చేతికి రాదు, కాలేజీ ఖాతాకు వస్తుంది. అందుకే ప్రిన్సిపాల్ సంతకంతో ఎండార్స్‌మెంట్ అడుగుతారు. ప్రతి ఏడాదీ యూసీ (యుటిలైజేషన్ సర్టిఫికెట్), ఖర్చుల స్టేట్‌మెంటూ పంపాలి, అవి ఆలస్యమైతే తర్వాతి విడత ఆగిపోతుంది. కాలేజీ అకౌంట్స్ సెక్షన్లో ప్రభుత్వ నిధుల లెక్కలు చూసే పీఎఫ్‌ఎంఎస్ పోర్టల్ తెలిసిన మనిషి ఉన్నారా అని ఇప్పుడే కనుక్కోమనండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, గ్రాంటు వచ్చాక అమ్మాయి నిద్ర చెడగొట్టేది ఇదే.

ఇంకో మాట మేనేజ్‌మెంట్ గురించి. కాల్ ముగిశాక ఫలితం రావడానికి నెలలు పడుతుంది, మంచి ప్రపోజల్ కూడా మొదటిసారి వెనక్కి రావచ్చు. శాంక్షన్‌తో ఇంక్రిమెంట్ ముడిపెట్టడం అన్యాయం. సబ్మిట్ చేసిన ప్రపోజల్‌నూ లెక్కలోకి తీసుకోండని హెచ్‌ఓడీ ద్వారా రాతపూర్వకంగా అడగమనండి. తిరస్కరిస్తే, రివ్యూ వ్యాఖ్యలు ఇచ్చిన చోట వాటిని ఒక్కొక్కటిగా సరిచేసి మళ్లీ పెట్టాలి.

మీ అల్లుడికి దారి వేరు, అతను చూడాల్సింది సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే ఐసీఎస్‌ఎస్‌ఆర్. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. పోస్టు రెగ్యులరా, కాంట్రాక్టా మీరు రాయలేదు. అది, పీహెచ్‌డీ టాపిక్ ఏమిటో రాయండి, అతనికి విడిగా జవాబిస్తాను.