అడ్డగీత తెచ్చిన తంటా

ప్రశ్న: మా పిల్లలు నోటుబుక్కులో రాసిన లెక్కను ఫోన్‌తో ఫొటో తీస్తే, ఎక్స్ స్క్వేర్‌ను ఎక్స్ పక్కన 2 అని చదువుతోంది. మామూలు రాతను బాగానే చదువుతుందే?
– ఒక లెక్కల టీచరు, ప్రొద్దుటూరు

జవాబు: మామూలు రాత ఎడమ నుంచి కుడికి వరసగా పోతుంది సార్. లెక్క పైకీ కిందికీ కూడా పాకుతుంది. ఆ 2 ఎంత చిన్నగా, ఎంత ఎత్తున ఉందో చూసి అది ఘాతమా (పవరా) కాదా అని కంప్యూటర్ తేల్చుకోవాలి. అడ్డగీతయితే మరీ టెన్షన్: మైనస్ కావచ్చు, భిన్నం గీత కావచ్చు, ఈక్వల్‌లో సగమూ కావచ్చు! చేతిరాత లెక్కలను కంప్యూటర్‌తో చదివించాలని 1960లలోనే మొదలైన ఈ కుస్తీకి 2011లో అంతర్జాతీయ పోటీలే పెట్టారు. తెర మీద స్టైలస్‌తో రాస్తే ఏ గీత ముందు పడిందో కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఫొటోలో ఆ ఆధారం ఉండదు. కడపలో నా రాత మా ఇంట్లోవాళ్లకే అర్థం కాదు, ఫోన్‌ను ఏమనగలను? ఘాతాన్ని చిన్నగా, బాగా పైకి రాయించి చూడండి.