ఎనిమిది మందికి కూరగాయలు కొనేదెలా?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్‌లో మామూలు జనం యూదు కుటుంబాలను ఏళ్ళ తరబడి ఇళ్ళలో దాచారని చదివాను. పక్కింట్లో గిన్నె కింద పడితేనే వినపడుతుంది కదా, ఇరుగుపొరుగుకు తెలియకుండా ఎలా కుదిరిందండీ?

జవాబు: చాలాచోట్ల తెలిసేదమ్మా. తెలిసీ నోరు మెదపని వాళ్ళవల్లే ఎంతోమంది బతికారు, వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు. దాచడమంటే ఓ గది ఇచ్చి తలుపేసేయడం అనుకుంటాం గానీ అసలు టెన్షనంతా తిండి దగ్గరే. 1940 మేలో జర్మన్లు దేశాన్ని ఆక్రమించాక సరుకులకు రేషన్ కూపన్లు కావాలి, దాక్కున్న మనిషి వెళ్ళి తన కూపన్లు తాను తెచ్చుకోలేడు, పోనీ ఇద్దరున్న ఇంట్లోవాళ్ళు ఆరుగురికి సరిపడా రొట్టె కొంటే వెనకాల వరసలో నిలబడ్డవాళ్ళకే అనుమానం వస్తుంది. పైగా 1943లో యూదులను పట్టిస్తే తలకు ఏడున్నర గిల్డర్లు (అక్కడి డబ్బు) ఇచ్చేవారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో, దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ వాళ్ళ సంగతే చూడండి. 1942 జులైలో మొదలుపెట్టి ఎనిమిది మంది ఆన్ తండ్రి ఆఫీసు వెనక భాగంలో దాక్కున్నారు. కింద గోడౌన్‌లో పనివాళ్ళు ఉన్నంతసేపూ చెప్పులు వేసుకోరు, మరుగుదొడ్డిలో నీళ్ళు వదలరు. ఆఫీసులో పనిచేసే మీప్ గీస్ కూరగాయలు తెచ్చేవారు, ఆమె భర్త యాన్ రహస్యంగా కూపన్లు సంపాదించేవారు. ఆ కూరగాయల కొట్టు ఆయన తన ఇంట్లోనూ యూదులను దాచాడు, అందుకే 1944 మేలో ఆయన్ను పట్టుకుపోయారు. ఆయన పోగానే ఇక్కడ వీళ్ళకు తిండి తగ్గించుకోక తప్పలేదు. ఒక ఇల్లు నిలబడాలంటే ఇంకెన్ని చేతులు కావాలో చూశారా! ఆగస్టు 4న వీళ్ళూ దొరికిపోయారు, ఎనిమిది మందిలో ఆన్ తండ్రి ఒక్కడే మిగిలాడు.

పోలండ్‌లో ఇంకా ఘోరం, ఆశ్రయమిస్తే మరణశిక్షే. మార్కోవా గ్రామంలో 1944 మార్చి 24న ఉల్మా దంపతులను, వాళ్ళ ఆరుగురు పిల్లలను, వాళ్ళింట్లో దాగిన ఎనిమిది మంది యూదులను జర్మన్లు కాల్చి చంపారు. ఆ ఇంటి ఇల్లాలు విక్టోరియా అప్పుడు నిండు గర్భిణి. అది కళ్ళారా చూసిన ఊళ్ళోనే వేరే ఇళ్ళలో దాగిన యూదులు కొందరు యుద్ధం అయ్యేదాకా బతికారు. ఆ ఇళ్ళవాళ్ళు మర్నాడు పొద్దున పొయ్యి ఎలా వెలిగించారో నా ఊహకు అందదు.

ప్రశ్న: దాచినందుకు డబ్బు తీసుకున్నవాళ్ళూ ఉన్నారట. వాళ్ళనూ మంచివాళ్ళ లెక్కలో వేస్తారా?

జవాబు: సాయం చేసిన యూదేతరులను ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ 1963 నుంచి గౌరవిస్తోంది. డబ్బిస్తేనే దాస్తామని బేరం పెట్టి ఉండకూడదన్నది అక్కడి నిబంధన. తిండి ఖర్చు పుచ్చుకోవడం తప్పు కాదు. నాకది సబబే అనిపిస్తుంది, నల్లబజారు ధరకు కొని నలుగురికి పెట్టడం కూలివాడి ఇంటికి అయ్యే పనేనా? డబ్బు అయిపోగానే వీధిలోకి నెట్టినవాళ్ళను మాత్రం ఈ లెక్కలో కలపకండి.