హోల్డెమ్ వచ్చినవాళ్లు ఒమాహా దగ్గర ఎందుకు తడబడతారు?

మీరు అడిగింది: రమ్మీ, మూడు ముక్కలాట బాగా వచ్చు, టెక్సాస్ హోల్డెమ్ పోకర్ కూడా ఆడతారు. ఫ్రెండ్స్ ఒమాహా అనే ఇంకో రకం పోకర్ మొదలుపెట్టాక ఎవరు గెలిచారో తెలియట్లేదు, హై-లో అంటే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు పందేల సంగతి పక్కన పెట్టండి. హోల్డెమ్ వచ్చు కాబట్టి ఫ్లాప్, టర్న్, రివర్ (బోర్డు మీద, అంటే అందరికీ ఉమ్మడిగా మధ్యలో, ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఒకటి ముక్కలు తెరవడం) మీకు కొత్త కాదు. ఇక్కడ చేతికి రెండు బదులు నాలుగు ముక్కలు వస్తాయి. చివర్లో మీ నాలుగింటిలోంచి కచ్చితంగా రెండు, బోర్డు మీది ఐదింటిలోంచి కచ్చితంగా మూడు తీసుకుని చెయ్యి కట్టాలి. చేతిలోది ఒక్కటే వాడతానంటే ఒప్పుకోరు, మూడు వాడతానన్నా ఒప్పుకోరు. తికమక అంతా ఇక్కడే. హోల్డెమ్‌లో ఏడు ముక్కల్లోంచి ఐదు తీసే దారులు 21. ఒమాహాలో మీ చేతిలోంచి రెండు తీసే దారులు 6, బోర్డులోంచి మూడు తీసే దారులు 10, హెచ్చిస్తే 60. కంటికి ఇది అలవాటు కావాలి, చదివినంత మాత్రాన రాదు.

మాకు ఈ ఆట నేర్పింది మా బావ. ఓడల్లో పనిచేస్తాడు, సెలవుకి కావలి వచ్చినప్పుడు మేడ మీద చాప పరిచి అందర్నీ కూర్చోబెట్టేవాడు. మొదట్లో పందేలు లేవు, ముక్కలు దాచుకోవడమూ లేదు. అందరి చేతులూ తెరిచే ఉంటాయి. బోర్డు పరిచాక ఒక్కొక్కరూ తమ రెండు ముక్కల్ని ముందుకి జరిపి, బోర్డులోని మూడింటిని వేలితో చూపించి, అప్పుడు చెయ్యి పేరు పైకి చెప్పాలి. ముక్కలు జరపకుండా చెప్పింది లెక్కలోకి రాదు.

ఒకసారి బోర్డు మీద నాలుగు ఆటీన్లు పడ్డాయి: రాజు, తొమ్మిది, ఆరు, రెండు. ఐదోది ఇస్పేటు నాలుగు. మా పిన్ని కొడుకు దగ్గర ఆటీన్ ఆసు ఉంది. ఫ్లష్ (ఐదూ ఒకే రంగు, అంటే ఒకే గుర్తువి) అని ఎగిరి గంతేశాడు. "ఆ ఆసుకి తోడు ఇంకో ఆటీన్ నీ చేతిలో ఏదిరా? జరుపు, చూద్దాం," అన్నాడు బావ. లేదు. బోర్డు నుంచి మూడే తీసుకోవాలి కాబట్టి వాడికి నాలుగు ఆటీన్లే అయ్యాయి, ఫ్లష్ కాలేదు. రెండు చిన్న ఆటీన్లున్న మా అక్క గెలిచింది.

ఈ రూల్ నుంచే బోర్డు చదవడం కూడా వస్తుంది. బోర్డు మీద ఒకే రంగువి మూడు లేకపోతే ఎవరికీ ఫ్లష్ లేదు. బోర్డు మీద ఒకే విలువవి రెండు పడకపోతే ఎవరికీ ఫుల్ హౌస్ (ఒక విలువవి మూడు, ఇంకో విలువవి రెండు) లేదు. చేతికి నాలుగు ఆసులు వస్తే సంబరపడాల్సిన పనిలేదు. వాడేది రెండే, మూడో ఆసు ఇక బోర్డు మీదికి రాదు. ఒకదానికొకటి ఆసరాగా ఉండే నాలుగు ముక్కలు, అంటే వరసగా ఉండి రెండేసి ఒకే రంగువి అయితే చాలా బలం.

హై-లోకి వస్తే కుండ, అంటే పందేలన్నీ పడే పాట్, రెండు భాగాలు. సగం పెద్ద చేతికి, సగం చిన్న చేతికి. చిన్న చెయ్యి అనిపించుకోవాలంటే ఐదు ముక్కలూ వేర్వేరుగా, ఎనిమిదికి మించకుండా ఉండాలి. ఆసు ఇక్కడ ఒకటి. వరస పడినా, ఫ్లష్ పడినా చిన్న చేతికి నష్టం లేదు. బోర్డు మీద ఎనిమిదికి మించని వేర్వేరు ముక్కలు మూడు లేకపోతే చిన్న చెయ్యి ఎవరికీ లేదు, పెద్ద చెయ్యే మొత్తం తీసుకుంటుంది. పెద్ద చేతికీ చిన్న చేతికీ వేర్వేరు జతలు వాడుకోవచ్చు.

ఏది చిన్నదో తేల్చడానికి ఐదు ముక్కల్నీ పెద్దదాని నుంచి మొదలుపెట్టి ఒక సంఖ్యలా చదవండి. 76543, 84321 ఎదురైతే మొదటిదే చిన్న సంఖ్య, అదే గెలుస్తుంది. రెండో దాంట్లో చిన్న ముక్కలు ఎక్కువ కదా అని చాలామంది పొరబడతారు.

ఒక బోర్డు చూడండి: 3, 5, 8, రాజు. మీ చేతిలో ఆసు, 2 ఉంటే 85321, అంతకంటే చిన్నది లేదు. రివర్‌లో 2 పడిందనుకోండి. మీది అలాగే ఉంటుంది. కానీ ఆసు, 4 ఉన్నవాడికి 54321 అయిపోయింది, పైగా అదే అతనికి పెద్ద వైపు స్ట్రెయిట్ (వరస) కూడా. ఇలాంటివి చాప మీద పరిచి మార్చి మార్చి చూడండి, పుస్తకం కన్నా బాగా ఎక్కుతుంది.

పందెం ఎక్కువగా పాట్ లిమిట్‌లో ఉంటుంది, అంటే కుండలో ఉన్నంత వరకే పెంచొచ్చు. కుండలో 10 ఉంది, ఒకరు 5 వేశారు. మీరు ముందు 5 కలిపితే 20 అవుతుంది, దానిమీద ఇంకో 20 వరకు పెంచొచ్చు. అంటే మీరు పెట్టగలిగేది మొత్తం 25. మేం దీన్ని చింతగింజలతో నేర్చుకున్నాం, మీరూ అలాగే చెయ్యండి. డబ్బు జోలికి పోవద్దని గట్టిగా చెప్తున్నాను. మన ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్‌ను నిషేధించారు, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. యాప్‌లో నేర్పిస్తాం అంటూ డబ్బు వేయమనేవాళ్లని నమ్మకండి.

మామూలు ఒమాహాలో రెండు-మూడు లెక్క తడుముకోకుండా వచ్చాకే హై-లో పట్టుకోండి. ఏదైనా బోర్డు దగ్గర ఆగిపోతే మీ నాలుగు ముక్కలూ, బోర్డు ఐదూ ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.