ఆర్కిడ్‌కు నీళ్లు పెట్టే ముందు వేళ్లు చూడు

తిరుపతి

చిరంజీవి సౌమ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు కొన్న రెండు ఆర్కిడ్ రకాల్లో డెండ్రోబియం మన ఎండలకు ఓర్చుకుంటుంది. మిద్దె మీద 50 శాతం షేడ్ నెట్ కింద వేలాడగట్టు, మే నెలలో ఇంకో పొర వెయ్యి. ఫెలనాప్సిస్ అలా కాదు, అది 40 డిగ్రీలకు తట్టుకోలేదు. ఇంట్లోనే తూర్పు కిటికీ దగ్గర లేత ఎండ తగిలేలా పెట్టు.

ఈ రెండూ అడవిలో చెట్టు కొమ్మల్ని పట్టుకుని బతికే జాతులు. వేళ్లకు గాలి ఆడాలి, మట్టిలో నాటితే కుళ్లిపోతాయి. టెంకాయ పీచు ముక్కలు రెండు పాళ్లు, బొగ్గు రెండు పాళ్లు, మట్టి పెంకు ముక్కలు ఒక పాలు కలుపు. పీచును ముందు రెండు రోజులు నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉప్పు దిగేదాకా కడుగు.

నీళ్ల విషయంలోనే ఎక్కువ మొక్కలు పోతాయి. వేరు మీద తెల్లటి మెత్తని పొర ఉంటుంది. తడిస్తే ఆకుపచ్చగా, ఆరితే వెండి రంగులో కనిపిస్తుంది. అడుగున చిల్లులున్న పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ తీసుకుంటే బయటి నుంచే తెలుస్తుంది. వెండి రంగుకు తిరిగాకే నీళ్లు పెట్టు, వారాల లెక్క పెట్టుకోవద్దు. ఎండాకాలంలో మిద్దె మీది దానికి రోజూ కావాల్సి రావచ్చు, నవంబరు వానల్లో వారం దాకా అక్కర్లేకపోవచ్చు. ఆకులు ముడుచుకుంటే దాహమనుకుని ఇంకా పోస్తారు. అది తప్పు. చాలాసార్లు వేళ్లు కుళ్లి, నీళ్లు పీల్చలేకే ఆకులు అలా అవుతాయి. వేరును నొక్కి చూడు. గట్టిగా ఉంటే బతికున్నట్టు. మెత్తబడి, పై పొర ఊడొచ్చి లోపల దారం మాత్రమే మిగిలితే కత్తిరించెయ్యి.

బోరు నీళ్లలో లవణాలెక్కువైతే వేళ్ల కొసలు నల్లబడతాయి. వాన నీళ్లు పట్టి ఉంచుకో, లేకుంటే ఆర్‌వో నీళ్లు వాడు. ఉదయం పూటే పెట్టు. ఫెలనాప్సిస్ ఆకుల నడుమ నీళ్లు నిలిస్తే గుడ్డతో అద్ది తీసెయ్యి, లేకపోతే మొవ్వు కుళ్లుతుంది.

ఎరువు కొంచెమే చాలు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీళ్లకు అర గ్రాము, వారానికోసారి, కుండీ తడిపిన తరవాత. నెలకోసారి ఉత్త నీళ్లతో బాగా కడుగు. పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లు.

డెండ్రోబియంకు ఆకులు రాలిన పాత కాడల్ని కొయ్యొద్దమ్మా, కొత్త చిగురుకు బలం వాటిలోనే ఉంటుంది. కాడల మీద పుట్టే పిలకల వేళ్లు రెండంగుళాలు అయ్యాక వేరుచెయ్యి.

ఫెలనాప్సిస్‌కు చలికాలపు రాత్రుల చల్లదనానికే పూకాడ పుడుతుంది. కాడ వచ్చాక కుండీని తిప్పొద్దు, వంకరపోతుంది. మామిడికాయలు మాగేసిన గదిలోకి మాత్రం ఆ మొక్కను తేవద్దు. పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకు మొగ్గలు పసుపెక్కి రాలిపోతాయి. పూలన్నీ అయ్యాకే కుండీ మార్చు, అదీ రెండేళ్లకోసారి.

ఇట్లు
పెద్దమ్మ