ముసలి కుక్క రాత్రంతా నిద్రపోకుండా తిరుగుతోంది.. పిచ్చి పట్టినట్టేనా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. పదమూడేళ్లుగా ఒక నాటు కుక్కను పెంచుకుంటున్నాం. పేరు జిమ్మీ. మిరప కల్లాల దగ్గరా, గొడ్ల చావిడి దగ్గరా కాపలా అంతా అదే చూసుకునేది. నాలుగు నెలలుగా దాని తీరు మారిపోయింది. పగలంతా పడుకుంటుంది. చీకటి పడితే వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంటుంది. గోడ వైపు చూసి అరుస్తుంది, ఒక్కోసారి ఏడుస్తున్నట్టు మూలుగుతుంది. ఎప్పుడూ లేనిది వరండాలోనే మూత్రం పోస్తోంది. మొన్న మా మనవడు దగ్గరికి వెళ్తే గుర్రుమంది. పిచ్చి పట్టింది, ఎక్కడైనా వదిలేసి రండి అని ఇరుగుపొరుగు వాళ్లు అంటున్నారు. నిద్ర లేక ఇంటిల్లిపాదికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: జిమ్మీని ఎక్కడా వదిలేయకండి. ఇంత వయసులో కొత్త చోట అది తిండి వెతుక్కోలేదు, అక్కడి కుక్కలు దాన్ని నిలవనివ్వవు. పెంచుకున్న జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. మీరు రాసిన లక్షణాల్లో చాలావాటికి వైద్యం ఉంది. పూర్తిగా నయం కానివాటిని కూడా అదుపులో పెట్టవచ్చు.

పిచ్చి అన్న మాట వచ్చింది కాబట్టి ముందు దాని సంగతి తేల్చుకుందాం. రేబిస్ సోకిన కుక్కలో మార్పు నెలల తరబడి మెల్లగా రాదు. రెండు మూడు రోజుల్లోనే మనిషిని చూస్తే మీదపడడమో, చీకటి మూల చూసుకుని దాక్కోవడమో మొదలవుతుంది. గొంతు మారుతుంది, దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేదు. లక్షణాలు బయటపడ్డాక పది రోజుల్లోపే చనిపోతుంది. మీ జిమ్మీ నాలుగు నెలలుగా ఇలాగే ఉంది, తిండి తింటోంది అంటే ఇది రేబిస్ కాదు. అయినా రేబిస్ టీకా వేయించి ఏడాది దాటి ఉంటే ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు తప్పక వేయించండి. ఏ కుక్క కరిచినా, గీరినా పుండును సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ఇంటి కుక్కే కదా అని ఆగవద్దు.

ఇక అసలు విషయం. ముసలితనం వచ్చింది, అంతే అని సరిపెట్టుకునేవాళ్లనే నేను ఎక్కువగా చూస్తుంటాను. నాకు అది బాధగా ఉంటుంది. ఎందుకంటే రాత్రి తిరిగే ముసలి కుక్కల్లో చాలావాటికి లోపల ఎక్కడో నొప్పి ఉంటుంది. కుక్క నొప్పిని నోటితో చెప్పదు. కుంటితేనే నొప్పి అని మనం అనుకుంటాం. కానీ తుంటి కీళ్లు, నడుము పట్టేసిన కుక్క ఒక పక్కకు పడుకుంటే నొప్పి, లేచి నిలబడితే కాస్త నయం అన్న స్థితిలో ఉంటుంది. అందుకే లేస్తుంది, నాలుగడుగులు వేస్తుంది, మళ్లీ పడుకోవాలని చూస్తుంది, మళ్లీ లేస్తుంది. చలికాలంలో ఇది ఎక్కువవుతుంది.

దీన్ని మీరే గమనించవచ్చు. పొద్దున జిమ్మీ పడుకున్న చోటి నుంచి లేచేటప్పుడు దగ్గర కూర్చుని చూడండి. ముందుకాళ్ల మీద బరువు వేసి, ఛాతీ ఎత్తి, వెనక భాగాన్ని ఆలస్యంగా లాక్కుంటూ లేస్తోందా? మొదటి పది అడుగులు బిగుసుకుపోయి, ఆ తర్వాత సర్దుకుంటోందా? పడుకునే ముందు ఎక్కువసేపు గుండ్రంగా తిరిగి, నడుము వంచబోయి ఆగిపోతోందా? అరుగు ఎక్కడం మానేసిందా? వీటిలో రెండు కనిపించినా కీళ్ల నొప్పి ఉందనే అనుకోండి. మనవడి మీద గుర్రుమనడానికి కూడా ఇదే కారణం కావచ్చు. పిల్లవాడు నడుము మీదో తుంటి మీదో చేయి వేసి ఉంటాడు.

మన ఇంట్లో ఉండే నొప్పి బిళ్లలు మాత్రం వేయకండి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వల్ల కుక్క కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది. కుక్కలకు సరిపడే మందులు వేరే ఉన్నాయి. వాటిని కూడా రక్తపరీక్ష చూసి, బరువు తూచి పశువైద్యులే రాయాలి.

వరండాలో మూత్రం పోస్తోందంటే బుద్ధి తప్పి అనే అనుకోనక్కర్లేదు. ముందు నీళ్ల లెక్క చూడండి. లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోయండి, మర్నాడు అదే వేళకు ఎంత మిగిలిందో చూడండి. మిగతా కుండలు, తొట్లు దానికి అందకుండా మూయండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతోందంటే, అంటే 20 కిలోల కుక్క రెండు లీటర్లకు మించి తాగుతోందంటే, మూత్రపిండాల జబ్బు, షుగరు లాంటివి అనుమానించాలి. అలాంటి కుక్కకు రాత్రి రెండు మూడుసార్లు మూత్రం వస్తుంది, తలుపు వేసి ఉంటే ఉన్నచోటే పోస్తుంది. ఎక్కువ తాగుతోంది కదా అని నీళ్లు మాత్రం ఆపకండి, ప్రాణానికే ప్రమాదం. జిమ్మీ మగదై, వట్టలు తీయించి ఉండకపోతే ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి చుక్కలు చుక్కలుగా మూత్రం కారే అవకాశం కూడా ఉంది. ఆడదైతే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి. అది ఆలస్యం చేసే జబ్బు కాదు.

గుండె సంగతి ఇంటి దగ్గరే కొంత తెలుస్తుంది. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు డొక్క ఎగురుతోందో లెక్కపెట్టండి. నిద్రలో 30 దాటితే, రాత్రిపూట దగ్గు కూడా ఉంటే, గుండె జబ్బు వల్ల ఊపిరి అందక, పడుకోలేక తిరుగుతోందేమోనని అనుమానించాలి.

చూపు కోసం ఒక చిన్న పరీక్ష ఉంది. కాస్త దూది ఉండలా చేసి దాని ముందు పైనుంచి వదలండి. దూది పడ్డప్పుడు చప్పుడు కాదు, వాసన రాదు. తల తిప్పి చూసిందా, కనిపిస్తోందన్నమాట. మసక వెలుతురులో కూడా ఇదే చేయండి, చాలా కుక్కలకు ముందు రాత్రి చూపే తగ్గుతుంది. గోడ వైపు చూసి అరవడానికి అది కూడా ఒక కారణమే. చెవులు వినపడని కుక్క తన అరుపు తనకే వినపడక ఇంకా గట్టిగా అరుస్తుంది. చెవిలో చీము, పంట్లో పుండు ఉన్నాయేమో కూడా డాక్టరు గారిని చూడమనండి.

ఇవన్నీ చూశాక కూడా ఏమీ దొరకకపోతే అప్పుడు మెదడు వైపు రావాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లకు వచ్చే మతిమరుపు జబ్బు లాంటిదే కుక్కలకూ వస్తుంది. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీనే ముసలి కుక్కల మెదడులోనూ పేరుకుంటుంది. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2001లో ప్రచురించిన అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల కుక్కల్లో 68 శాతానికి ఇలాంటి లక్షణాల్లో ఒక్కటైనా కనిపించింది. జిమ్మీ వయసు ఆ రెంటికీ మధ్య ఉంది. పగలు రాత్రి తారుమారు కావడం, తెలిసిన వాకిట్లోనే దారి తప్పి మూలకు వెళ్లి వెనక్కి తిరగలేక నిలబడిపోవడం, తలుపు తెరుచుకునే వైపు కాకుండా బందుల వైపు నిలబడి ఎదురుచూడడం, పిలిస్తే తోక ఊపకపోవడం దీని గుర్తులు. మూలలో ఇరుక్కుని నిలబడడం మీరు చూశారంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఎప్పుడూ ఒకే పక్కకు గుండ్రంగా తిరగడం, తల ఒరిగిపోవడం, ఫిట్స్ రావడం ఉంటే అది వేరే జబ్బు, అదే రోజు తీసుకెళ్లాలి.

కారణం ఏదైనా, ఈ రాత్రి నుంచే కొన్ని పనులు మొదలుపెట్టవచ్చు. పగలు పడుకోనివ్వడం తగ్గించండి. పొద్దున ఎండ రాగానే, మళ్లీ సాయంత్రం, దాని కాళ్లకు ఓపిక ఉన్నంత దూరం మెల్లగా నడిపించండి. జొన్నరొట్టె ముక్కలు వాకిట్లో అక్కడక్కడా దాచి వాసన పట్టి వెతుక్కోనివ్వండి. ముక్కుకు పని పెడితే మెదడుకూ పని పెట్టినట్టే. సాయంత్రం తిండి ఏడు గంటల్లోపు పెట్టేయండి. మీరు పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి బయటికి తీసుకెళ్లండి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర అన్నం పెట్టకండి, అవి కుక్క రక్తకణాలను చిదిమేస్తాయి. గుడ్డు, చేప పెంచడం రక్తపరీక్షలో మూత్రపిండాలు బాగున్నాయని తేలాకే.

పడక విషయంలో చాలా ఇళ్లలో లోపం చేస్తారు. ఉత్త బండల మీద, టైల్స్ మీద ముసలి కుక్కకు కాళ్లు జారతాయి. నాలుగైదు గోనె పట్టాలు మడిచి మెత్తగా వేయండి, అక్కడి నుంచి నీళ్ల గిన్నె వరకు కూడా పట్టా పరవండి. సామాన్లు, మంచాలు చోటు మార్చకండి. రాత్రి జీరో బల్బు వెలగనివ్వండి. గొలుసుతో కట్టేస్తే కాళ్లకు చుట్టుకుని భయం ఇంకా పెరుగుతుంది. కట్టేయడం కంటే వరండాకు తడిక కట్టి అందులో వదలడం మేలు. వాకిట్లో బావి, పక్కన కాలువ ఉంటే ఇది తప్పనిసరి, ఈ స్థితిలో ఉన్న కుక్కలు చీకట్లో అటే నడిచివెళ్తాయి. కుదిరితే ఇంట్లో ఒకరు వరండాలో దాని పక్కనే మంచం వేసుకోండి. మనిషి వాసన తగిలితే మూలుగు చాలావరకు తగ్గుతుంది.

అరిచినప్పుడు కొట్టకండి, అదిలించకండి. ఎందుకు కొడుతున్నారో దానికి అర్థమయ్యే స్థితి లేదు. నిద్రమాత్ర పెట్టడం, కల్లు పట్టించడం అసలే వద్దు. మనవడికి మాత్రం, జిమ్మీ పడుకున్నప్పుడు, తింటున్నప్పుడు దగ్గరికి వెళ్లకూడదని చెప్పండి. ఎదురుగా నిలబడి పిలిచి, అది చూశాకే చేయి చాపాలి. పెద్దవాళ్లు లేకుండా ఇద్దరినీ ఒకచోట ఉంచకండి.

మతిమరుపు జబ్బే అని తేలితే సెలిజిలిన్ అనే మందు ఉంది. మనుషుల్లో పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చేదే. కుక్కల్లో ఈ జబ్బుకు వాడడానికి అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. రోజూ పొద్దునే ఇవ్వాలి, ఫలితం కనిపించడానికి నెల, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. రాత్రి నిద్రకు మెలటోనిన్ కూడా కొన్నిటికి పనిచేస్తుంది. రైతులు మరిచిపోకూడని సంగతి ఒకటుంది. గొడ్లకు, కుక్కలకు పిడుదుల కోసం నీళ్లలో కలిపి పూసే మందుల్లో అమిట్రాజ్ ఉంటే, సెలిజిలిన్ వాడే కుక్కకు ఆ మందు తగలనివ్వకూడదు. రెండూ కలిస్తే ప్రమాదం. ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా దీనితో కలవకూడదు. అందుకే చావిడిలో వాడే పిడుదుల మందు డబ్బాను డాక్టరుకు చూపించండి.

ముందు మీ మండల పశువైద్యశాలకు తీసుకెళ్లండి. రక్త, మూత్ర పరీక్షలు, ఎక్స్‌రే అక్కడ కుదరకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లవచ్చు. తెలంగాణ రైతులకైతే రాజేంద్రనగర్ ఉంది. ఆసుపత్రి బల్ల మీద కుక్కలు భయంతో మామూలుగానే నిలబడతాయి, రాత్రి చేసేది అక్కడ కనిపించదు. కాబట్టి వెళ్లే ముందు రెండు రాత్రులు మీ ఫోన్‌లో వీడియో తీయండి. ఎన్ని గంటలకు లేచింది, ఎంతసేపు తిరిగింది, ఎన్ని నీళ్లు తాగింది, మూత్రం ఎక్కడ పోసింది అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పటిదాకా ఏ బిళ్ల వేసి ఉన్నా దాని అట్ట కూడా వెంట తీసుకెళ్లండి.