పాత డాబాపై మేడ: ఏ ఖర్చు తగ్గించుకోవచ్చు, ఏది తగ్గించకూడదు?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర పల్లెలో 2001లో కట్టించుకున్న డాబా ఇల్లు మాది. అబ్బాయి కుటుంబం కోసం దానిపై 1,100 చదరపు అడుగుల మేడ వేయాలనుకుంటున్నాము. అడుగుకు 2,000 రూపాయల లెక్కన 22 లక్షలు అనుకున్నాము. అందులో 12 లక్షలు డిపాజిట్లు, 10 లక్షలు గృహరుణం. కొత్త కోడ్ ప్రకారం మా 9 అంగుళాల పిల్లర్లు చాలవని, బలపరచడానికి ఇంకో 4 లక్షలు కావాలని ఇంజనీరు గారు అంటున్నారు. మేస్త్రి అక్కర్లేదంటున్నాడు. నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని, పదవీ విరమణకు ఆరేళ్ళుంది. ఆ 4 లక్షలు మానుకోవచ్చా, రుణం పెంచుకోవాలా?

జవాబు: మాస్టారికి నమస్కారం. ఆ 4 లక్షలను మీరు మేడ ఖర్చుకు పైన పడిన భారంగా చూస్తున్నారు. అది మేడ ఖర్చులో మొదటి భాగమని నా అభిప్రాయం. దానిని మానవద్దు, దాని కోసం రుణమూ పెంచవద్దు. తగ్గించవలసింది మేడ వైశాల్యాన్ని.

ఇంజనీరు గారి మాటకు ఆధారం ఉంది. 1970లో వెలువడిన జాతీయ భవన నిర్మాణ నియమావళిని 1983, 2005, 2016 సంవత్సరాలలో సవరించారు. అంటే మీ ఇల్లు కట్టిన తరువాతే రెండు సవరణలు జరిగాయి. భూకంపాలకు సంబంధించిన ఐఎస్ (భారతీయ ప్రమాణం) 1893 2002లోను, 2016లోను మారింది. 2016 నాటి మ్యాపులో భీమవరం, పాలకొల్లు పరిసరాలు మూడో జోన్‌లో, అంటే భూకంప ప్రమాదం మధ్యస్థంగా ఉండే ప్రాంతంలో ఉన్నాయి. ఆ జోన్‌లో పిల్లర్లు, దూలాలతో కట్టే కాంక్రీటు ఫ్రేము ఇళ్ళకు వర్తించే ఐఎస్ 13920 ప్రమాణం, 2016 సవరణ ప్రకారం, పిల్లరు ఏ వైపు చూసినా 300 మిల్లీమీటర్లకు, అంటే సుమారు 12 అంగుళాలకు తగ్గకూడదని, రింగుల కొసలను 135 డిగ్రీలు లోపలికి వంచాలని చెబుతోంది. పాతికేళ్ళ క్రితం 9 అంగుళాల పిల్లరు మామూలే కనుక అప్పటి మేస్త్రిని తప్పుపట్టలేము. ఆ పిల్లరు ఒక్క స్లాబు మోస్తూ నిలబడింది కాబట్టి రెండో స్లాబును కూడా మోస్తుందని మాత్రం ఎవరూ కళ్ళతో చూసి చెప్పలేరు.

మన డెల్టాలో పిల్లరు కన్నా పునాది గురించే నాకు ఎక్కువ భయం. మెత్తటి బంకమట్టి, నల్లరేగడి, కొద్ది అడుగుల్లోనే తగిలే నీరు, చుట్టూ చెరువులు ఉన్న నేలలో అదనపు బరువు పడితే ఇల్లు ఒక పక్కకు కుంగే ప్రమాదం ఉంది. అందుకే రుణానికి దరఖాస్తు చేయకముందే మట్టి పరీక్ష, పాత కాంక్రీటు బలం పరీక్ష చేయించి, పునాది ఎంత లోతున, ఎంత వెడల్పున ఉందో ఒకటి రెండు చోట్ల తవ్వి చూపించుకోండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పరీక్ష జరిగితే, కాలువలు పారే రోజుల నీటిమట్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోమని ఇంజనీరు గారిని అడగండి. పనికి వాడే బోరు నీటిని సైతం పరీక్షించాలి. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకూడదని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్ళలో ఉప్పు నీటి బోర్లు మీకు తెలియనివి కావు.

ఇక లెక్క. పదవీ విరమణలోపు రుణం తీరాలంటే 72 వాయిదాలే ఉన్నాయి. వడ్డీ 8.5 శాతం అనుకుంటే 10 లక్షలకు నెలకు సుమారు 17,780 రూపాయలు, 14 లక్షలకు సుమారు 24,890 రూపాయలు పడుతుంది. నెలకు 7,110 రూపాయల ఈ తేడా, జీతం ఆగిపోయే ముందు మీరు దాచుకోగలిగే చివరి సొమ్ములోంచి పోతుంది. దానికి బదులు ఒక గది, ముందు వరండా మానుకుని 850 అడుగులకే పరిమితమైతే, వంటగది, స్నానాల గది ఖర్చు తగ్గకపోయినా, ఆ 4 లక్షలలో చాలా భాగం కలిసివస్తుంది. పైగా పునాదిపై బరువు కూడా తగ్గుతుంది. డిపాజిట్లు మొత్తం తీయకుండా కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు అలాగే ఉంచండి. మారే వడ్డీపై తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చినా వ్యక్తులకు జరిమానా ఉండదు కనుక, విరమణ నాటికి ఏమైనా మిగిలితే ఆ సొమ్ముతో కట్టేయవచ్చు. కొత్త పన్ను విధానంలో సొంతంగా నివసించే ఇంటి రుణ వడ్డీకి మినహాయింపు లేదు కాబట్టి, పన్ను ఆదాను ఈ లెక్కలో చేర్చవద్దు.

పునాది బరువు మోయదని తేలితే మేడ ఆలోచన మానుకుని, పెరట్లో చోటుంటే వేరే పునాదిపై, పాత గోడకు అతికించకుండా చిన్న ఇల్లు కట్టండి. ఖర్చు తగ్గించాలని రేకుల మేడ వేయడం నాకు సమ్మతం కాదు. 1996 నవంబరు 6 నాటి తుపాను మన ప్రాంతానికి ఏం చేసిందో మీరు చూసే ఉంటారు. తుపాను గాలిని తట్టుకునేందుకు ఉన్న నిర్మాణ ప్రమాణాన్ని పాటించి గట్టిగా బిగిస్తే ఆ రేకుల పని కూడా చౌకగా మిగలదు.

పని పూర్తయ్యాక, 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీని, స్థలం విలువ కలపకుండా, ఇల్లు తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చుకు తీసుకోండి. భూకంపం, తుపాను, వరద మూడూ అందులో ఉంటాయి.

పరీక్షల నివేదికలు, ఇంజనీరు గారి సంతకంతో డిజైను, పై అంతస్తుకు అనుమతి మంజూరైన ప్లాను, ఈ మూడూ చేతికి వచ్చేవరకు బ్యాంకుకు ప్రాసెసింగ్ ఫీజు గాని, మేస్త్రికి అడ్వాన్సు గాని ఇవ్వకండి.